అవసరం లేదనిపించిన ఒక్క చెక్ తీసేస్తే ఏమవుతుంది?

ఈ రోజు ఎపిసోడ్‌లో ఒక చిన్న విషయం మాట్లాడుకుందాం. చిన్నది అంటే నిజంగానే చిన్నది, కోడ్‌లో ఒక్క లైన్. "ఈ అడ్రస్ సరైనదేనా?" అని అడిగే ఒక ఇఫ్ కండిషన్. ఆ లైన్ చూసిన ఇంజనీర్‌కి ఎప్పుడో ఒకప్పుడు అనిపిస్తుంది, "ఇది ఇక్కడెందుకు? వేరే చోట ఆల్రెడీ చెక్ అవుతోంది కదా" అని. తీసేస్తే కోడ్ నీట్‌గా కనిపిస్తుంది, కొంచెం ఫాస్ట్ కూడా అవుతుంది. టెస్టులన్నీ పాస్ అవుతాయి. మర్నాడు ఎవరికీ ఏ తేడా తెలియదు.

మామూలు యాప్‌లో అయితే పెద్ద నష్టం ఉండకపోవచ్చు. కానీ ఆ లైన్ ఆపరేటింగ్ సిస్టమ్ మెమరీ కోడ్‌లో ఉంటే కథ వేరు. మీ చేతిలో ఉన్న ఫోన్‌లో ఒక గేమ్ యాప్‌కీ, మీ బ్యాంక్ యాప్ డేటాకీ మధ్య ఉన్న గోడ అలాంటి లైన్ల మీదే నిలబడి ఉంది. ఆ లైన్ లేకపోవడం వల్ల ఆండ్రాయిడ్ ఫోన్ల మీద నిజంగా దాడులు జరిగాయి. అదెలా జరిగిందో చూద్దాం. అలాగే, ఇలాంటి చెక్‌ని కరెక్ట్‌గా తీసేసిన ఒక కథ కూడా ఉంది. రెండిటికీ తేడా ఎక్కడుందో తెలిస్తే ఈ ఎపిసోడ్ మీకు ఉపయోగపడినట్టే.

ముందు బేసిక్స్. బీటెక్‌లో ఆపరేటింగ్ సిస్టమ్స్ పేపర్‌కి యూజర్ మోడ్, కెర్నల్ మోడ్ తేడా అని మనందరం బట్టీ పట్టిందే, 2 మార్కుల ప్రశ్న. నేనూ అలాగే చదివాను. ఉద్యోగంలో చేరి కెర్నల్ కోడ్ ఓపెన్ చేసి చూశాకే అర్థమైంది, ఆ 2 మార్కుల ప్రశ్న మీదే మొత్తం సెక్యూరిటీ నడుస్తోందని.

సింపుల్‌గా చెప్తాను. ఒక అపార్ట్‌మెంట్ అనుకోండి, నాలుగు అంతస్తులు. కింద మూడు అంతస్తుల్లో అద్దెకు ఉండేవాళ్లు, పై అంతస్తులో ఓనర్ ఆఫీసు. నాలుగు అంతస్తులు అని ఊరికే అనలేదు. పాత 32 బిట్ లినక్స్‌లో 4 జీబీ అడ్రస్‌లు ఉంటే, మామూలుగా కింది 3 జీబీ యాప్‌కి, పైన 1 జీబీ కెర్నల్‌కి ఇచ్చేవారు. అచ్చం అదే లెక్క.

అద్దెకున్న వాళ్ల తాళంచెవితో పై అంతస్తు తలుపు తెరుచుకోదు. ఆ పని ప్రాసెసరే చూసుకుంటుంది. యాప్ నేరుగా కెర్నల్ మెమరీని ముట్టుకోబోతే అక్కడికక్కడే ఆపేస్తుంది. ఇంతవరకు సేఫ్.

ఇప్పుడు వాచ్‌మన్ వస్తాడు. వాచ్‌మన్ అంటే కెర్నల్. అతని దగ్గర అన్ని గదుల మాస్టర్ తాళంచెవి ఉంది. యాప్‌కి ఏదైనా పని కావాలంటే, ఫైల్ చదవాలన్నా నెట్‌వర్క్ వాడాలన్నా, అతన్నే అడగాలి. దీన్నే సిస్టమ్ కాల్ అంటాం. అడిగేటప్పుడు యాప్ ఒక అడ్రస్ కూడా ఇస్తుంది: "వాచ్‌మన్ అన్నా, పని అయ్యాక ఆ కవరు ఫలానా గదిలో పెట్టు" అని.

అద్దెకున్న వ్యక్తి తన గది నంబర్ కాకుండా ఓనర్ ఆఫీసు నంబర్ చెప్పాడనుకోండి. వాచ్‌మన్ దగ్గర మాస్టర్ తాళంచెవి ఉంది కాబట్టి తలుపు తెరుచుకుంటుంది. కవరు లోపలికి వెళ్లిపోతుంది. అద్దెకున్న వ్యక్తి వెళ్లలేని చోటికి వాచ్‌మన్ చేత పని చేయించుకున్నాడన్నమాట.

అందుకే వాచ్‌మన్ ప్రతిసారీ ఒక ప్రశ్న వేసుకోవాలి: "ఈ గది కింది మూడు అంతస్తుల్లోదేనా?" లినక్స్ కెర్నల్‌లో ఈ ప్రశ్న పేరు యాక్సెస్ ఓకే. యాప్ ఇచ్చిన అడ్రస్, అక్కడి నుంచి ఎన్ని బైట్లు, ఆ మొత్తం యూజర్ హద్దు లోపలే ఉందా అని మాత్రమే చూస్తుంది. ఒక కూడిక, ఒక పోలిక, అంతే.

చాలామంది ఇక్కడే పొరబడతారు. "తప్పు అడ్రస్ ఇస్తే పేజ్ ఫాల్ట్ వస్తుంది కదా, ప్రాసెసర్ పట్టుకుంటుంది కదా, మళ్లీ మనం చెక్ చేయడం ఎందుకు?" అంటారు. లేని గది నంబర్ ఇస్తే ఫాల్ట్ వస్తుంది, నిజమే. కానీ ఓనర్ ఆఫీసు లేని గది కాదు. అది బంగారం లాంటి అడ్రస్. అక్కడ మెమరీ ఉంది, రాయొచ్చు. పైగా రాస్తున్నది కెర్నల్ కాబట్టి ప్రాసెసర్ అడ్డం చెప్పదు. ఆ అడ్రస్ మంచిదే, కాకపోతే అడిగినవాడిది కాదు. ఆ తేడా చూసేది ఆ ఒక్క లైనే.

సరే, మొదటి కథకి వద్దాం. ఇది నేరుగా ఫోన్లదే.

కెర్నల్ నుంచి యూజర్ మెమరీకి ఒక చిన్న విలువ రాయడానికి పుట్ యూజర్ అని ఒక చిన్న రొటీన్ ఉంటుంది. చదవడానికి గెట్ యూజర్. కెర్నల్‌లో వేల చోట్ల వీటిని వాడతారు. కంప్యూటర్లలో ఉండే ఎక్స్86 వెర్షన్‌లో ఇవి లోపలే హద్దు చెక్ చేసేవి. ఫోన్లలో ఉండే ఏఆర్ఎం వెర్షన్‌లో ఆ చెక్ కనిపించేది కాదు. అది నిర్లక్ష్యం కాదు, దానికి ఒక కారణం ఉంది. ఏఆర్ఎం ప్రాసెసర్‌లో ప్రత్యేకమైన ఇన్‌స్ట్రక్షన్లు ఉన్నాయి. కెర్నల్ మోడ్‌లో ఉన్నా సరే, ఆ ఒక్క రీడ్ లేదా రైట్‌ని యూజర్ హోదాలోనే చేయమని అవి ప్రాసెసర్‌కి చెప్తాయి. అంటే వాచ్‌మన్ ఆ ఒక్క పనికి మాస్టర్ తాళంచెవి జేబులో పెట్టేసి, అద్దెకున్న వాళ్ల తాళంచెవితోనే తలుపు తీస్తాడు. ఓనర్ ఆఫీసు నంబర్ ఇస్తే తలుపే తెరుచుకోదు. ఇక విడిగా అడగాల్సిన పనేముంది? చెక్ నిజంగానే అనవసరం. లాజిక్ కరెక్ట్.

తర్వాత 2010 ప్రాంతంలో కొత్త ఏఆర్ఎం ప్రాసెసర్ల కోసం, అంటే వీ6కే, వీ7 రకాల కోసం, కెర్నల్ మెమరీ కోడ్‌ని మార్చారు. డొమైన్స్ అనే పాత పద్ధతిని ఈ చిప్‌ల మీద వాడటం మానేశారు. ఆ మార్పుతో పాటు ఆ ప్రత్యేక ఇన్‌స్ట్రక్షన్ల బదులు మామూలు లోడ్, స్టోర్ వచ్చాయి. దానికి దాని టెక్నికల్ కారణాలు ఉన్నాయి. కానీ చూడండి, వాచ్‌మన్ మళ్లీ మాస్టర్ తాళంచెవి చేతిలోకి తీసుకున్నాడు. గది నంబర్ అడిగే అలవాటు మాత్రం ఎప్పుడూ లేదు, ఎందుకంటే ఇన్నాళ్లూ అవసరం పడలేదు.

ఫలితం ఏంటంటే, ఆ ఫోన్లలో పుట్ యూజర్ వాడే సిస్టమ్ కాల్ ఏదైనా దొరికితే చాలు. ఒక మామూలు యాప్ కెర్నల్ మెమరీలో రాయగలదు, గెట్ యూజర్‌తో చదవగలదు. దీనికి తర్వాత సీవీఈ 2013-6282 అని నంబర్ వచ్చింది. లినక్స్‌లో దీన్ని 2012లోనే సరిచేశారు, 3.5.5 వెర్షన్‌కి వచ్చేసరికి హద్దు చెక్ చేరింది. కానీ 2013 అక్టోబర్, నవంబర్ నెలల్లో ఆండ్రాయిడ్ ఫోన్ల మీద ఈ లోపాన్ని వాడుకున్న దాడులు బయటపడ్డాయి. అంటే మందు తయారయ్యాక ఏడాదికి కూడా ఆ ఫోన్లకి అందలేదు. ఈ పాయింట్ గుర్తుపెట్టుకోండి, చివర్లో మళ్లీ వస్తాను.

ఈ కథలో ఎవరూ "సెక్యూరిటీ చెక్ తీసేద్దాం" అని కూర్చుని తీసేయలేదు. చెక్ అవసరం లేకపోవడానికి కారణం వేరే చోట ఉంది. ఆ వేరే చోటు మారింది. ఈ రెండూ వేర్వేరు ఫైళ్లలో ఉన్నాయి. ఒక ఫైల్ చూసేవాళ్లకి రెండో ఫైల్ మీద ఆధారపడి ఉన్నామని తెలియదు.

రెండో కథ 2017లో జరిగింది. ఇందులో ఎక్స్86 వైపు చూద్దాం. అక్కడ పుట్ యూజర్ లోపలే చెక్ ఉంది అన్నాను కదా. మరి అక్కడెలా తప్పింది?

వెయిట్ ఐడీ అని ఒక సిస్టమ్ కాల్ ఉంది. ఒక ప్రాసెస్ తన చైల్డ్ ప్రాసెస్ ఏమైందో తెలుసుకోవడానికి వాడేది. సమాధానంగా కెర్నల్ ఆరు విలువలు రాస్తుంది: సిగ్నల్ నంబర్, ఎర్రర్, కోడ్, ప్రాసెస్ నంబర్, యూజర్ నంబర్, స్టేటస్. ఆరు కవర్లు అనుకోండి. పాత కోడ్‌లో ఆరుసార్లు పుట్ యూజర్. అంటే ఆరుసార్లు అదే ప్రశ్న, "ఈ గది కింది అంతస్తుల్లోదేనా?" అన్నీ ఒకే గదికి వెళ్లే కవర్లు. ఒకసారి అడిగితే సరిపోదా?

సరిపోతుంది. పైగా కొత్త ప్రాసెసర్లలో స్మాప్ అనే రక్షణ వచ్చింది. కెర్నల్ పొరపాటున యూజర్ మెమరీని ముట్టుకోకుండా మామూలుగా ఆ దారి మూసే ఉంటుంది. అవసరమైనప్పుడు తెరిచి, పని అవ్వగానే మూయాలి. ఆరుసార్లు రాస్తే ఆరుసార్లు తెరవడం, ఆరుసార్లు మూయడం. దానికి టైమ్ పడుతుంది. అందుకే కెర్నల్‌లో కొత్త పద్ధతి పెట్టారు: ముందు ఒకసారి యాక్సెస్ ఓకే అడుగు, దారి తెరువు, ఆరు విలువలూ చకచకా రాసేయ్, దారి మూసేయ్. ఈ చకచకా రాసే రొటీన్ పేరు అన్‌సేఫ్ పుట్ యూజర్. పేరులోనే అన్‌సేఫ్ అని ఉంది, ఎందుకంటే ఇది లోపల చెక్ చేయదు. చెక్ నువ్వే ముందు చేసుకోవాలి.

2017 మేలో వెయిట్ ఐడీని ఈ కొత్త పద్ధతికి మార్చారు. తెరవడం ఉంది, రాయడం ఉంది, మూయడం ఉంది. ముందు ఒకసారి అడగాల్సిన ప్రశ్న మాత్రం లేదు. ఆరు చెక్‌లు ఒకటి కావాల్సింది, సున్నా అయ్యాయి.

ఆ మార్పు 4.13 వెర్షన్‌లో సెప్టెంబర్‌లో విడుదలైంది. చాలా అనుభవం ఉన్నవాళ్లు రాసే కోడ్ అది. అయినా దాటిపోయింది. ఎందుకంటే కళ్లకి తప్పేమీ కనిపించదు. ప్రోగ్రామ్‌లన్నీ మామూలుగా పనిచేస్తాయి. నిజాయితీగా తన గది నంబర్ ఇచ్చే యాప్‌కి, చెక్ ఉన్నా లేకపోయినా తేడా ఏముంటుంది చెప్పండి? తేడా తెలిసేది దొంగ నంబర్ ఇచ్చేవాడికి మాత్రమే.

ఇప్పుడు డౌట్ రావచ్చు: రాసేది ఆరు చిన్న విలువలే కదా, వాటితో ఏం చేస్తారు? లినక్స్‌లో రూట్ యూజర్ నంబర్ సున్నా. ఏ ప్రాసెస్ ఎవరిది అనే రికార్డు కెర్నల్ మెమరీలోనే ఉంటుంది. సరైన చోట సున్నాలు పడితే మామూలు యూజర్ కాస్తా రూట్ అయిపోతాడు. వెయిట్ ఐడీ రాసే విలువల్లో సున్నాలకి కొదవ లేదు. ఒక సెక్యూరిటీ రీసెర్చర్ దీన్ని పట్టుకున్నారు. క్రోమ్ బ్రౌజర్ శాండ్‌బాక్స్ లోపలి నుంచి కూడా వాడుకోవచ్చని చూపించారు. స్మాప్ ఏమైంది అంటారా? ఆ దారిని కెర్నలే స్వయంగా తెరిచింది కదా. సీవీఈ 2017-5123 దీని నంబర్. అదే ఏడాది అక్టోబర్‌లో సరిచేశారు. రిపేర్ ఎంతో తెలుసా? రెండు చోట్ల ఒక్కో యాక్సెస్ ఓకే.

మూడోది క్విక్‌గా చెప్పేస్తాను, ఎందుకంటే ఇందులో చెక్ తీసేసింది మనిషే కాదు. 2009లో లినక్స్ 2.6.30 వెర్షన్. టన్ అనే వర్చువల్ నెట్‌వర్క్ డ్రైవర్ ఉంది, వీపీఎన్‌లు వాడేది ఇదే. అందులో ఒక ఫంక్షన్‌లో పాయింటర్ నల్ అయితే వెనక్కి వెళ్లిపో అని చెక్ ఉంది. కానీ దానికి ఒక లైన్ ముందే ఆ పాయింటర్‌ని వాడేశారు. కంపైలర్ ఏమనుకుంది? "ముందు లైన్‌లో వాడారంటే ఇది నల్ అయ్యే ఛాన్సే లేదు, కాబట్టి ఈ చెక్ అనవసరం" అని లెక్కేసి, తయారైన ప్రోగ్రామ్ నుంచి చెక్‌ని పూర్తిగా తీసేసింది. సోర్స్ కోడ్‌లో లైన్ కళ్లెదురుగా ఉంది, నడిచే కోడ్‌లో లేదు! మామూలుగా నల్ వాడితే క్రాష్ అయి ఆగిపోవాలి. కానీ సున్నా అడ్రస్‌లో తన సొంత మెమరీని పెట్టుకునే దారి దాడి చేసేవాడికి దొరికితే, అక్కడ క్రాష్ ఉండదు, అతను పెట్టిన డేటానే కెర్నల్ నమ్ముతుంది. ఆ తర్వాత చెక్ అయ్యాకే పాయింటర్ వాడేలా కోడ్ మార్చారు. అంతటితో ఆగకుండా, నల్ చెక్‌లని నీ అంతట నువ్వు తీసేయొద్దు అని కంపైలర్‌కి చెప్పే ఆప్షన్‌తో కెర్నల్‌ని బిల్డ్ చేయడం మొదలుపెట్టారు.

ఇదంతా విన్నాక, "అయితే ఏ చెక్‌నీ ముట్టుకోకూడదా?" అని అడుగుతారు. అదీ కాదు. అలా అయితే కోడ్ పాత సామాన్ల గది అయిపోతుంది. అందుకే కరెక్ట్‌గా తీసేసిన కథ కూడా చెప్తానన్నాను.

లినస్ టోర్వాల్డ్స్ 1991లో లినక్స్ మొదలుపెట్టింది ఇంటెల్ 386 కంప్యూటర్ మీద. ఆ 386లో ఒక లోపం ఉంది. కెర్నల్ మోడ్‌లో ఉన్నప్పుడు, రీడ్ ఓన్లీ అని గుర్తు పెట్టిన పేజీ మీద కూడా రాయనిచ్చేది. అందుకని యూజర్ మెమరీలో రాసే ముందు, ఆ పేజీలు రాయడానికి వీలైనవేనా అని కెర్నల్ చేత్తో ఒక్కో పేజీ వెతికి చూసుకోవాల్సి వచ్చేది. ఇప్పుడు చదువుతున్నామా, రాయబోతున్నామా అని ఆ చెక్‌కి చెప్పాలి కాబట్టి, యాక్సెస్ ఓకేకి రీడ్ లేదా రైట్ అని ఒక అదనపు ఆర్గ్యుమెంట్ ఉండేది. తర్వాత 486లో ఇంటెల్ ఆ లోపం సరిచేసింది. అయినా 386 మీద లినక్స్ నడుస్తున్నంత కాలం ఆ పాత చెక్ ఉండాల్సిందే. పైగా అది కూడా గట్టిదేం కాదు. చెక్ చేసిన క్షణానికీ, రాసే క్షణానికీ మధ్యలో ఇంకో థ్రెడ్ ఆ పేజీని మార్చేయొచ్చు.

2012 డిసెంబర్‌లో లినక్స్ నుంచి 386 సపోర్ట్ తీసేశారు. ఆ మెషీన్ లేదు కాబట్టి ఆ చేత్తో చేసే చెక్‌కి పని లేదు, అదీ పోయింది. ఆ రీడ్, రైట్ ఆర్గ్యుమెంట్ మాత్రం కెర్నల్ అంతటా మిగిలిపోయింది. అందరూ రాస్తున్నారు, ఎవరూ వాడట్లేదు. 2019 జనవరిలో టోర్వాల్డ్స్ దాన్ని ఒకేసారి మొత్తం కెర్నల్ నుంచి తీసేశారు. ఆ మార్పుకి రాసిన నోట్‌లో అసలు అది ఎందుకు వచ్చింది, 386లో ఏ లోపం కోసం, ఇప్పుడు ఎందుకు అక్కర్లేదు అని మొత్తం చరిత్ర ఉంది. అంటే ఏ లైన్ ఎందుకు పుట్టిందో తెలుసుకుని, ఆ కారణం చచ్చిపోయిందని చూపించి తీసేశారు.

అదే సమయంలో ఇంకో పని కూడా చేశారు. దారి తెరిచే రొటీన్ ఉంది కదా, యూజర్ యాక్సెస్ బిగిన్. యాక్సెస్ ఓకే చెక్‌ని దాని లోపలే పెట్టేశారు. ముందు రూల్ ఏంటి? అడుగు, తర్వాత తెరువు. రెండు పనులు. జనం మొదటిది మర్చిపోతున్నారు, లేదా ఇంకెక్కడో జరిగి ఉంటుందిలే అనుకుంటున్నారు. ఇప్పుడు తెరవాలంటే అడ్రస్ ఇవ్వాల్సిందే, అది తప్పయితే దారి తెరుచుకోదు. ఈ మార్పు లినక్స్ 5.0లో వచ్చింది. వెయిట్ ఐడీలో జరిగిన లాంటి తప్పు చేయాలన్నా కష్టమయ్యేలా చేశారన్నమాట.

చూశారా, రెండు రకాల తొలగింపుల్లో పని ఒక్కటే, చెక్ పోయింది. 386 విషయంలో దాని కారణం కూడా పోయింది. వెయిట్ ఐడీ, ఏఆర్ఎం విషయాల్లో కారణం అలాగే ఉంది, కాపలా మాత్రం పోయింది.

మీలో చాలామంది కోడింగ్ నేర్చుకుంటున్నారు, ఇంటర్న్‌షిప్‌లు చేస్తున్నారు. కాబట్టి ఒక అలవాటు చెప్తాను. నేను కోడ్ రివ్యూ చేసినప్పుడు ఎవరైనా "ఈ చెక్ రిడండెంట్, తీసేశాను" అని రాస్తే మూడు ప్రశ్నలు అడిగేవాడిని. ఒకటి, ఇప్పుడు ఈ చెక్ ఎవరు చేస్తున్నారు? "పైన ఎక్కడో" అంటే కుదరదు, ఫైలు, లైను చూపించాలి. రెండు, రేపు వాళ్లు మానేస్తే మనకెలా తెలుస్తుంది? మూడు, తప్పు ఇన్‌పుట్ కావాలని ఇచ్చే టెస్ట్ ఉందా? కరెక్ట్ ఇన్‌పుట్‌తో వంద టెస్టులు పాస్ అయినా, ఈ విషయంలో అవి ఏమీ చెప్పవు. గిట్ బ్లేమ్ కొట్టి ఆ లైన్ ఎప్పుడు, ఎందుకు వచ్చిందో చదవండి. ఐదు నిమిషాల పని. మూడింటికీ సమాధానం దొరికితే ధైర్యంగా తీసేయండి, ఆ సమాధానాన్ని కమిట్ మెసేజ్‌లో రాయండి. మీ తర్వాత వచ్చేవాళ్లకి అదే ఆధారం.

కోడింగ్‌తో సంబంధం లేనివాళ్లకి కూడా ఒక మాట. 2012లో తయారైన రిపేర్ అందని ఫోన్లు 2013లో దెబ్బతిన్నాయి అని చెప్పాను కదా. తప్పు జరగడం ఒక ఎత్తు, దాని రిపేర్ మన ఫోన్ దాకా రావడం ఇంకో ఎత్తు. ఫోన్ సెట్టింగ్స్‌లో అబౌట్ ఫోన్, ఆండ్రాయిడ్ వెర్షన్ దగ్గరికి వెళ్తే సెక్యూరిటీ అప్‌డేట్ తేదీ కనిపిస్తుంది. కొన్ని ఫోన్లలో మెనూ కొంచెం వేరేగా ఉండొచ్చు, సెర్చ్ చేస్తే దొరుకుతుంది. ఈ వీడియో అయ్యాక ఒకసారి చూడండి. ఏడాది పాతదైతే, అప్‌డేట్ వచ్చి మీరే "తర్వాత చూద్దాంలే" అని నొక్కుతున్నారేమో చెక్ చేయండి. కంపెనీయే ఇవ్వడం ఆపేస్తే, కనీసం తెలియని సైట్ల నుంచి ఏపీకే ఫైళ్లు ఇన్‌స్టాల్ చేయడం మానేయండి. ఎందుకంటే ఇవాళ చెప్పిన దాడులన్నింటికీ ముందు ఒక పని జరగాలి: దాడి చేసేవాడి కోడ్ మీ మెషీన్ లోపల నడవాలి. ఆ మొదటి తలుపు మాత్రం చాలాసార్లు మన చేతిలోనే ఉంటుంది.

మీ ఫోన్‌లో ఆ తేదీ ఎంత ఉందో కామెంట్స్‌లో రాయండి, ఏ కంపెనీ ఎన్నాళ్లు అప్‌డేట్ ఇస్తోందో అందరికీ తెలుస్తుంది. మీ ప్రాజెక్ట్‌లో ఎందుకుందో ఎవరికీ తెలియని చెక్ ఏదైనా ఉంటే అదీ రాయండి, కలిసి చూద్దాం. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం, ఉంటాను.